రెండున్నర శ్రుతి, మావ ధైవతం, కంప్యూటర్ లెక్క

ఈ వారం జీడి గురించి, కొబ్బరి గురించి కాదు. పాట గురించి. పోస్టు పొడుగే, తీరిగ్గా చదువుకోండి. మొన్న పెళ్లి అయిన దగ్గర్నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "మీ ఊరి బ్యాండు గుంటలు కాగితాలు ఎదురుగా పెట్టుకుని వాయించారట, సన్నాయి మావ పాటే వాయించారట, ఏటది?" అని. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఇక్కడే రాసేస్తే మీ ఊళ్లో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నేను తోట చూసుకోడానికి రాకముందు ఆర్మీ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడినని మీలో చాలామందికి తెలుసు. మిలిటరీ బ్యాండు వాళ్లకి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో శిక్షణ ఉంటుంది. అయిదు గీతల మీద స్వరాలు రాయడం, చదవడం అక్కడే నేర్పుతారు. పెన్షన్ తీసుకుని వచ్చాక ఊళ్లో కుర్రాళ్లు నేర్పమంటే సాయంత్రాలు నేర్పుతున్నాను. రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, ఒక ఆల్టో శాక్సాఫోన్, డ్రమ్ములు. అదీ మా బ్యాండు.

ఇక మావ సంగతి. మా ఊళ్లో సన్నాయి అంటే ఆయనే. నాకు వరస కలిపితే మావ. మన ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్న జబ్బే ఆయనకీ వచ్చింది. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. సన్నాయి ఊదడానికి ఊపిరి చాలడం లేదు. వరుసలు రాసుకున్న పుస్తకం ఒకటి ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి పల్లిసారధి దగ్గర తీరం దాటిన రోజు గుర్తుంది కదా. మన కొబ్బరి చెట్లతో పాటు ఆయన పెంకుటింటి కప్పు పోయింది, ఆ వానలో పుస్తకం ముద్దయిపోయింది. అప్పటి నుంచి ఆ వరుసలు ఉన్నది ఆయన నోట్లోనే.

అందులో అప్పగింతల వరుస ఒకటుంది. భైరవి రాగం. మన చుట్టుపక్కల ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అది విని కన్ను చెమర్చని ఇల్లు లేదు. మావ మనవరాలికి పెళ్లి కుదిరింది. "నాను ఊదలేను గదా అల్లుడూ, మీ గుంటల సేత వాయించు" అన్నాడు. అదీ మొదలు.

ఇప్పుడు కొంచెం సంగీతం చెప్పాలి. కష్టం కాదు, కొలతల లెక్కే. భైరవి అనేది ఇరవయ్యో మేళం నఠభైరవి కింద వచ్చే రాగం. ఆ మేళంలో ఉండే ధైవతం శుద్ధ ధైవతం, అంటే కింద ఉండేది. కానీ భైరవిలో పైకి ఎక్కేటప్పుడు ఇంకొక ధైవతం వస్తుంది, చతుశ్రుతి ధైవతం, మొదటిదానికంటే అర మెట్టు పైన. మేళంలో లేకుండా బయట నుంచి వచ్చింది కాబట్టి దాన్ని అన్యస్వరం అంటారు. అలాంటి స్వరం ఉన్న రాగాన్ని భాషాంగ రాగం అంటారు. మావకి ఈ పేర్లతో పని లేదు. ఆయన "పెద్ద ధా, చిన్న ధా" అంటాడు. "ఎక్కేటప్పుడు పెద్ద ధా, దిగేటప్పుడు చిన్న ధా. అవి తారుమారైతే ఏడుపు రాదు, నవ్వొస్తాది" అని ఆయన మాట.

ఇంగ్లీషు పద్ధతిలో కూడా ఇలాంటి స్వరాన్ని వేరుగానే చూస్తారు. పాట మొదట్లో ఏ స్వరాలు షార్పో, ఏవి ఫ్లాటో ఒకేసారి రాసి పెడతారు, దాన్ని కీ సిగ్నేచర్ అంటారు. ఆ జాబితాకి విరుద్ధంగా మధ్యలో ఒక స్వరం వస్తే దాని పక్కన షార్పో, ఫ్లాటో, నేచురలో గుర్తు వేస్తారు. ఆ గుర్తు పేరు యాక్సిడెంటల్. మన పెద్ద ధా కాగితం మీద ఒక యాక్సిడెంటల్, అంతే.

మన సరిగమ రాతలో ఈ తలనొప్పి లేదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది. తమిళ దేశంలో అచ్చయినా రాసింది తెలుగు లిపిలో, కీర్తనలన్నీ స్వరాలతో సహా. అందులో ఒక కీర్తన తీసి ఒకటో శ్రుతికి పాడినా, అయిదో శ్రుతికి పాడినా కాగితం మీద ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. 'స' ఎక్కడ పెట్టుకుంటే మిగతావి దాని వెనకే వస్తాయి. అయిదు గీతల రాత అలా కాదు. అక్కడ ప్రతి చుక్కా ఒక ఖాయమైన మెట్టు. శ్రుతి మారిస్తే అన్ని చుక్కలూ జరపాలి, గుర్తులు కూడా మారతాయి.

అయితే సరిగమలే రాసి ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. కానీ ట్రంపెట్ మీద, క్లారినెట్ మీద మా కుర్రాళ్లు వేళ్లు నేర్చుకున్నది గీతల మీద చుక్కలు చూసే. రేపు పోలీసు బ్యాండుకో, మిలిటరీ బ్యాండుకో సెలక్షన్‌కి వెళ్లాలన్నా ఆ చదువే కావాలి.

పైగా ఈ వాయిద్యాల్లో ఇంకొక మెలిక ఉంది. క్లారినెట్ వాడు సి అని రాసింది వాయిస్తే హార్మోనియం మీద బి-ఫ్లాట్ వినిపిస్తుంది. ట్రంపెట్టూ అంతే. ఆల్టో శాక్సాఫోన్ వాడు సి వాయిస్తే ఇ-ఫ్లాట్ వినిపిస్తుంది. కాబట్టి అందరూ కలిసి ఒకే స్వరం పలకాలంటే ఒక్కొక్కడి కాగితం మీద ఒక్కో పేరు రాయాలి. మనకి ఇది కొత్త కాదు. పలాసలో పిక్కలు అమ్మేటప్పుడు 80 కిలోల బస్తా లెక్క చెబుతారు. బస్తా పన్నెండు వేలు అన్నా, కిలో నూట యాభై అన్నా డబ్బు ఒక్కటే. అంకె మారింది, పిక్క మారలేదు. ఒకరికి బస్తా లెక్క, ఒకరికి కిలో లెక్క రాసి ఇవ్వడం లాంటిదే ఈ పని. దీన్నే ట్రాన్స్‌పోజ్ చేయడం అంటారు.

ఇదంతా చేత్తో రాస్తే రాత్రులు గడిచిపోతాయి. మ్యూజ్‌స్కోర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితంగానే వస్తుంది. ఒకసారి పాట ఎక్కిస్తే ఏ వాయిద్యానికి కావలసిన కాగితం ఆ వాయిద్యానికి తనే తీసి ఇస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవుల్లో వచ్చి, మావ నోటితో పాడగా హార్మోనియం మీద పట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. మావ శ్రుతి రెండున్నర. మన హార్మోనియం వాళ్లని రెండున్నర అంటే ఏదని అడగండి, "డి-షార్ప్" అంటారు. వాడూ అలాగే ఎక్కించాడు. ఏ నల్ల మెట్టు వచ్చినా షార్ప్ పేరే పెట్టాడు, మొదట్లో కీ సిగ్నేచర్ ఏదీ పెట్టలేదు. కంప్యూటర్లో వాయించి చూస్తే పాట చక్కగా వినిపించింది. మావ కూడా తలూపాడు.

ప్రింటు తీసి కుర్రాళ్ల ముందు పెట్టాక చూడాలి. క్లారినెట్ కాగితం మీద 'స' ఇ-షార్ప్ అని వచ్చింది. 'ప' బి-షార్ప్ అని వచ్చింది. బి-షార్ప్ అంటే నిజానికి సి. ట్రంపెట్ మీద సి అంటే ఏ మీటా నొక్కకుండా ఊదడమే, మొదటి రోజు నేర్పే స్వరం. దానికి ఆ పేరు చూసి వాడు బి కోసం రెండో మీట నొక్కి అక్కడే ఆగిపోయాడు. 'రి', 'గ' రెండూ జి గీత మీదే వచ్చాయి, ఒకటి ఉత్త జి, ఒకటి జి-షార్ప్. పెద్ద ధా, 'ని' రెండూ డి చోటే, ఒకటి ఉత్త డి, ఒకటి డి-షార్ప్. ఒకే అరలో 'ని' ముందు వచ్చి తరవాత పెద్ద ధా వచ్చిన చోట, మధ్యలో చిన్న నేచురల్ గుర్తు చూసుకోకపోతే ధా కాస్తా నీ అయిపోతుంది. అలాగే అయింది.

ఇందులో తమాషా ఒకటి చూడండి. మొత్తం కాగితంలో ఇంటి స్వరాల్లో చాలావాటికి పక్కన గుర్తులు, బయట నుంచి వచ్చిన పెద్ద ధాకి చాలా చోట్ల ఏ గుర్తూ లేదు. పెళ్లింట్లో చుట్టం ఎవరో, ఇంటివాళ్లు ఎవరో తెలియనట్టు. చదివేవాడికి ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ లెక్క తప్పలేదు. అది ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఒక మెట్టు పైకి జరిపింది. డి-షార్ప్‌ని జరిపితే ఇ-షార్ప్ అవుతుంది, ఎ-షార్ప్‌ని జరిపితే బి-షార్ప్ అవుతుంది. దానికి రాగం తెలియదు.

పేరు ఏదైతే ఏమిటి, మెట్టు అదే కదా అనిపిస్తుంది. మన భూములకి రీసర్వే అయ్యాక పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీ నంబరు వచ్చింది. చేను అక్కడే ఉంది. కానీ కొత్త నంబరు తప్పుగా పడితే బ్యాంకులో, రిజిస్ట్రేషన్‌లో ఎన్ని తిప్పలో మీకు నేను చెప్పాలా? ఇదీ అంతే. మన సంగీతంలో స్థానాలు పన్నెండే, పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే చోట ఉంటాయి. ఏ పేరు పెట్టాలో రాగమే చెబుతుంది. ఒక మేళంలో ఒక రి, ఒక గ, ఒక మ, ఇలా ఏడు అక్షరాలకీ ఒక్కొక్క చోటు. ఇంగ్లీషు రాతలో కూడా అదే న్యాయం. ఏడు అక్షరాలు ఏడు గీతల చోట్లలో ఒక్కొక్కటిగా కూర్చోవాలి. 'రి', 'గ' రెండూ జి చోటే కూర్చున్నాయంటే పేర్లు తప్పు పడ్డాయని చూడగానే తెలిసిపోవాలి.

కాబట్టి రెండున్నర శ్రుతిని డి-షార్ప్ అని కాకుండా ఇ-ఫ్లాట్ అని పిలవాలి. హార్మోనియం మీద అదే మెట్టు. కానీ కాగితం మొత్తం మారిపోయింది. మొదట ఆరు ఫ్లాట్ల కీ సిగ్నేచర్ పెట్టాను. తరవాత టూల్స్ మెనూలో స్వరాల పేర్లు సరిచేసే ఆదేశం ఒకటి ఉంది, అది వాడాను. అది పక్క స్వరాలని చూసి ఊహించి పేర్లు పెడుతుంది, అన్నీ సరిగ్గా పెడుతుందని నమ్మకూడదు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లి, మిగిలిన వాటి మీద పెట్టి జె అక్షరం నొక్కితే అదే మెట్టుకి ఉన్న రెండో పేరు వస్తుంది.

అప్పుడు క్లారినెట్ కాగితం తీస్తే నాలుగు ఫ్లాట్లు, 'స' ఎఫ్, 'ప' సి. చిన్న ధా డి-ఫ్లాట్, అది మొదటి జాబితాలోనే ఉంది కాబట్టి పక్కన గుర్తు అక్కర్లేదు. పెద్ద ధా ఒక్కదాని పక్కనే నేచురల్ గుర్తు. శాక్సాఫోన్ కాగితం మీద మూడు ఫ్లాట్లు, 'స' సి, పెద్ద ధా ఎ-నేచురల్. రెండు కాగితాల్లోనూ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడ మావ పెద్ద ధా ఉన్నట్టు. ఇంకే గుర్తూ లేదు. కుర్రాళ్లు ఆ సాయంత్రమే వాయించేశారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. పెళ్లికి వారం ముందు, అప్పగింతల పాట పెళ్లికూతురి పెద్దమ్మ పాడతానంది. ఆవిడకి రెండున్నర అందదు, రెండు చాలు. సరే, అర మెట్టు దించాలి. దీనికీ ట్రాన్స్‌పోజ్ ఆదేశం ఉంది. పాట మొత్తం ఎంచుకుని, కీ సిగ్నేచర్ కూడా మార్చు అన్న గడిలో టిక్ పెట్టి దించాలి. ఆ టిక్ లేకపోతే పాత ఫ్లాట్ల జాబితా అలాగే ఉండిపోయి చాలా స్వరాల పక్కన ఒక్కో గుర్తు మొలుస్తుంది.

కొత్త కాగితాలు ఇచ్చాను. క్లారినెట్ గుంటడు, పదో తరగతి, కాగితం పట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, నిన్నటి దాంట్లో ఈ చోట నేచురల్ ఉంది. ఈ రోజు షార్ప్ వచ్చింది. కంప్యూటర్ తప్పేసిందా?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. తప్పెయ్యలేదు. రెండో శ్రుతికి క్లారినెట్ కాగితం మీద 'స' ఇ అవుతుంది, ఒక్క షార్ప్ ఉన్న జాబితా. అందులో చిన్న ధా ఉత్త సి. దాన్ని అర మెట్టు పెంచితే సి-షార్ప్. అందుకే నేచురల్ పోయి షార్ప్ వచ్చింది. శాక్సాఫోన్‌కి జి-షార్ప్. హార్మోనియం కాగితం మీద మాత్రం బి-నేచురల్. ముగ్గురికీ వేరు వేరు పేర్లు, రెండు రకాల గుర్తులు, పలికేది ఒకటే పెద్ద ధా.

ఈ మొత్తం పనిలో నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. గుర్తుకి సొంత అర్థం లేదు. నేచురల్ అంటే పెంచడం అని ఒక చోట, దించడం అని ఇంకో చోట. ఫ్లాట్ జాబితాలో ఉన్నదాని పక్కన వస్తే పెంచుతుంది, షార్ప్ జాబితాలో ఉన్నదాని పక్కన వస్తే దించుతుంది. శ్రుతి మార్చేటప్పుడు గుర్తుని గుర్తుగా మోసుకెళ్లకూడదు. ఆ స్వరం 'స'కి ఎంత దూరమో, ఇంటి ధైవతానికి ఎంత పైనో, ఆ సంబంధాన్ని మోసుకెళ్లాలి. సాఫ్ట్‌వేర్‌కి మనం మొదట్లో పేర్లు సరిగ్గా ఇస్తే ఆ సంబంధాన్ని అది నిలబెడుతుంది. పేర్లు తప్పు ఇస్తే శబ్దం నిలబడుతుంది గానీ చదువు పోతుంది. అందుకే ఆ గుర్తు ఉన్న ప్రతి చోటా పైన తెలుగులో చిన్నగా "పెద్ద ధా" అని టైపు చేసి పెట్టాను. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

ఇంకొక చిన్న నియమం. పక్కన వేసిన గుర్తు ఆ అర చివరి నిలువు గీత దాకానే పని చేస్తుంది, అదీ ఆ స్థాయిలోనే. గీత దాటితే మళ్లీ జాబితాలో ఉన్నదే. మావ పెద్ద ధాని ఒక చోట సాగదీసి గీత దాటించి పట్టుకుంటాడు. రెండు చుక్కలనీ టై గీతతో కలిపితే గుర్తు కూడా దాటి వస్తుంది. కలపకుండా మళ్లీ పలికితే గుర్తు మళ్లీ వెయ్యాలి. తరవాతి అరలో వెంటనే చిన్న ధా వస్తే నియమం ప్రకారం ఏ గుర్తూ అక్కర్లేదు. కానీ కుర్రాడి చెవిలో ఇంకా పెద్ద ధా మోగుతుంటుంది. అక్కడ బ్రాకెట్లో ఒక గుర్తు వేస్తే మంచిది, జ్ఞాపకం చెయ్యడానికి. సాఫ్ట్‌వేర్లో అలా బ్రాకెట్ గుర్తులు ఉన్నాయి. ఆ పని మాత్రం మనిషే చెయ్యాలి, ఏ చోట తడబడతారో మనకే తెలుసు.

కాగితం మీద అంతా వచ్చేసిందని అనను. మావ ఆ ధైవతాన్ని ఊపే తీరు, 'ని' నుంచి జారుతూ వచ్చే తీరు ఏ గీతల మీదా నిలవదు. అందుకే మావ పాడింది ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. డయాలసిస్ లేని రోజుల్లో, పొద్దున్న పూట, ఓపిక ఉన్నప్పుడు. కాగితం ఎముకలు, రికార్డు ఊపిరి. కుర్రాళ్లకి రెండూ ఇచ్చాను. కాగితం చూసి స్వరం పట్టుకుని, రికార్డు విని గమకం పట్టుకున్నారు.

పెళ్లిలో మావని కుర్చీ వేసి బ్యాండు పక్కనే కూర్చోబెట్టాం. పెద్దమ్మ పాడుతుంటే కుర్రాళ్లు అందుకున్నారు. మొదటి పెద్ద ధా రాగానే మావ చూపుడు వేలు ఎత్తాడు, దిగి చిన్న ధా రాగానే దించాడు. చివరిదాకా అలా వేలు ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు. అయ్యాక క్లారినెట్ గుంటణ్ని పిలిచి, "నాది నీ దగ్గర పెట్టీసినాను, జాగర్త" అన్నాడు. ఆడవాళ్లు అప్పటికే ఏడుస్తున్నారు కాబట్టి నా మొహం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మీతో నా మాట. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా మన ప్రతి ఊళ్లోనూ ఒక సన్నాయి తాతో, హార్మోనియం మాస్టారో, పెళ్లి పాటలు పాడే అమ్మమ్మో ఉంటారు. వాళ్లలో కొంతమంది వారానికి రెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉంటున్నారు. పాట రాయించుకోవాలంటే ముందు ఫోన్లో రికార్డు చెయ్యండి, దానికి చదువు అక్కర్లేదు. రికార్డు మొదట్లో వాళ్ల చేత 'స' పలికించండి, శ్రుతి ఎంతో పేరుతో చెప్పించండి. "ఇక్కడ మామూలు స్వరం కాదు, వేరేది వస్తుంది" అని వాళ్లు చెప్పే చోట్లు ఏవో అడిగి విడిగా పాడించండి. ఆ ఒక్క స్వరమే తరవాత తప్పిపోయేది, ఆ ఒక్క స్వరం కోసమే పాట బతికేది. కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు ఒకటిన్నర, రెండున్నర లాంటి నల్ల మెట్టు శ్రుతులకి షార్ప్ పేరుతో ఒకసారి, ఫ్లాట్ పేరుతో ఒకసారి వేసి చూడండి. ఏ పేరుతో వేస్తే ఏడు స్వరాలూ ఏడు చోట్లలో కూర్చుని గుర్తులు తక్కువ వస్తాయో దాన్నే ఉంచండి. ప్రింటు తీశాక కంప్యూటర్లో వింటే చాలదు. ప్రతి వాయిద్యం కాగితంలో గుర్తు ఉన్న చోట్లే వరసగా చూసి, ఇది ఏ స్వరం అని సరిగమలో చెప్పుకోండి. చెప్పలేకపోతే అక్కడ పేరు తప్పు పడింది.

మీ ఊళ్లో కుర్రాళ్లు నేర్చుకుంటామంటే ఆదివారం సాయంత్రం మా తోటకి పంపండి. పిక్కలు ఏరే రోజుల్లో మాత్రం ముందు పని, తరవాత పాట. వచ్చే వారం జీడి పూత మీద తేయాకు దోమ గురించి రాస్తాను. ఉంటాను.